వీరస్వామి సార్ పరిచిన నిమ్మకాయలు

రోడ్డు మీద నలిగిన నిమ్మకాయ వాసన వంటింట్లో కోసిన నిమ్మకాయ వాసనలా ఉండదు. టైరు రబ్బరు, పెట్రోలు పొగ, తడిసిన కుంకుమ అందులో కలిసి ఉంటాయి. మొన్న అమావాస్య మరునాడు పొద్దున మా అమ్మాయి హారిక కొత్త సైకిల్ వెనకాల నేను స్కూటీ మీద నెమ్మదిగా వెళుతుంటే, ఫౌంటెన్ సర్కిల్ దగ్గర ఆ వాసన ముక్కుకు తగిలింది. ఎవరో రాత్రి దిష్టి తీసి పడేసిన నిమ్మకాయ. ఒక చెక్క మీదనుంచి ఏదో బండి పోయి తారుకు అంటుకుపోయింది. రెండో చెక్క రోడ్డుకు ఎడమ అంచున, సరిగ్గా సైకిళ్లు పోయే చోట పడివుంది. హారిక దాన్ని చూసింది. హ్యాండిల్ ఒక్క క్షణం ఊగింది. ఎటు తిప్పుతుందో నాకు తెలియలేదు, ఎటు తిప్పమని అరవాలో అంతకన్నా తెలియలేదు. అది బ్రేక్ వేసి, కాలు కింద పెట్టి, నావైపు తిరిగింది. "మమ్మీ, దీని మీదకెల్లి పోవాల్నా, పక్కకెల్లి పోవాల్నా?" అని అడిగింది. వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. దిగి నడిపించుకో అని చెప్పి అప్పటికి గండం గట్టెక్కించాను. కానీ సోమవారం నుంచి అది ఒక్కతే కాలేజీకి పోతుంది, నేను వెనకాల ఉండను. అప్పటికి దానికి ఏదో ఒక మాట చెప్పాలి. ఆ మాట చెప్పవలసిన మనిషి మా వీరస్వామి సార్. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నా చెప్పేవారని నాకు నమ్మకం లేదు.

వీరస్వామి సార్ నా మొదటి ఉద్యోగంలో నా మేనేజర్. కొత్తవాడ వైపు ఇళ్లలో మగ్గాల మీద నేసే, నేల మీద పరుచుకునే జంపఖానాలను తీసుకుని బయటి ఊళ్లకు అమ్మే చిన్న సొసైటీ మాది. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెనుంచి డిగ్రీ చేతపట్టుకుని వచ్చి, వరంగల్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ, అక్కడ కంప్యూటర్ పనికి చేరాను. అప్పటికే సార్‌కు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, ప్యాంటు అంచు సైకిల్ చైన్‌లో పడకుండా ఒక క్లిప్పు. ఆ క్లిప్పు తీయడం మరిచిపోయి సాయంత్రం దాకా ఆఫీసులో అలాగే తిరిగేవారు. ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు, దిష్టంటే నవ్వు, ముహూర్తమంటే చిరాకు. నేతవాళ్లు మాత్రం ఆఫీసు గోడకు లక్ష్మీదేవి పటం తగిలించారు. ఆయన దాన్ని తీయించలేదు సరికదా, రోజూ పొద్దున తనే గుడ్డ పెట్టి తుడిచేవారు. ఇదేంటి సార్ అని అడిగితే, "దుమ్ము దేవునిది కాదు గద బిడ్డా, ఆఫీసుది" అన్నారు. ఆయన మాటలు ఇలాగే ఉండేవి. వింటున్నంతసేపూ అర్థమైనట్టే ఉండి, ఇంటికి వెళ్లి చిన్నమ్మకు చెప్పబోతే చేతికి దొరికేవి కావు.

మా ఊళ్లో నేను సైకిల్ బాగానే తొక్కేదాన్ని. కానీ మా ఊరి బాటలు ముందుకే పోతాయి. నడుమ ఒక గుండ్రం కట్టి, నాలుగు దిక్కుల బండ్లనూ తెచ్చి దాని చుట్టూ తిప్పే ఏర్పాటును నేను అంతకు ముందు చూడలేదు. ఫౌంటెన్ సర్కిల్ అని పేరే కానీ, అందులో నీళ్లు ఎగరడం చూశామని చెప్పినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఉద్యోగం మొదటిరోజు చిన్నమ్మ సైకిల్ మీద బయల్దేరి ఆ సర్కిల్‌లోకి దిగాను. దిగడమైతే దిగాను కానీ బయటపడటం ఎలాగో తెలియలేదు. ఎడమకు తిరుగుదామంటే పక్కన ఆటో, ఆగుదామంటే వెనక పరకాల బస్సు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చాను. మళ్లీ తిరిగాను. ఈసారి నా వీధి కనబడింది కానీ, గమనించేసరికి దాన్ని దాటిపోయాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దమనిషి నెమ్మదిగా అడిగాడు, "ఎన్ని సుట్లు తిరుగుతవ్ బిడ్డా, గుడి అనుకుంటివా?" అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన చేయెత్తి వెనకాల బండ్లను ఆపి నన్ను బయటికి లాగారు. కాసేపటికి ఆఫీసులో మేనేజర్ కుర్చీలో అదే మనిషి, ప్యాంటుకు అదే క్లిప్పుతో కనిపిస్తే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం ఆఫీసు మూశాక ఆయన నన్ను సర్కిల్ దగ్గరికి తీసుకెళ్లారు. సైకిళ్లు టీ కొట్టు దగ్గర నిలబెట్టించి, పక్కన నిలబడి పాఠం చెప్పారు. "బండిని సూడకు. బండ్లన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్. తోలెటోని మొఖం సూడు. వాడు నిన్ను సూసిండంటే పో. సూడలేదంటే ఆగు. సూసి గూడ సూడనట్టు చేస్తాండంటే దిగి నడువు, అండ్ల సిగ్గువడేది ఏం లేదు." ఇంకో మాట కూడా అన్నారు. "సర్కిల్ల నీ బాట నువ్వు ఇడువకు. కుక్క అడ్డమొచ్చినా, గుంత అడ్డమొచ్చినా గబుక్కున పక్కకు గుంజకు. ఆగితే ఆగు, పోతే సీదా పో. నువ్వు ఎటు పోతవో ఎనుకటోనికి తెల్వాలె. పక్కకు గుంజినోడే పడ్తడు." ఈ రెండో మాటను గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను. నేనైతే మరిచిపోదామన్నా మరిచిపోలేకపోతున్నాను. ఆయన చెప్పినట్టే ముఖాలు చూడటం నేర్చుకున్నాను. ఫోన్ చెవికి ఆనించి తల వంచుకున్నవాళ్లు, సర్కిల్ చుట్టూ తిరగడానికి బద్ధకమేసి ఎదురు దారిన కోసుకొచ్చేవాళ్లు, హారన్ కొట్టాను కదా ఇక నా పని అయిపోయింది అనుకునేవాళ్లు. కొన్నాళ్లకు ముఖం చూసి మనిషిని చెప్పగలనన్న గర్వం కూడా వచ్చింది.

మా నేతవాళ్లు నేసిన జంపఖానాలను చుట్టలుగా చుట్టి సైకిల్ క్యారియర్ మీద అడ్డంగా కట్టుకుని తెచ్చేవారు. చుట్ట రెండు పక్కలా చేతులు చాచినట్టు బయటికి ఉంటుంది. సరుకు బండి పొద్దున్నే వచ్చి పోతుంది కాబట్టి, ఆఫీసు తెరవగానే చుట్టలు అందాలని సార్ నియమం పెట్టారు. అంటే స్కూలు బస్సులు, ఆఫీసు బండ్లు, పత్తి వ్యాన్లు అన్నీ సర్కిల్‌లో తిరిగే వేళకే వీళ్లూ రావాలి. సాంబయ్య అని ఒక నేతగాడు ఉండేవాడు. మాట నెమ్మది, పని నికార్సు. ఒకరోజు ఎదురు దారిన వచ్చిన ఆటో అతని చుట్ట కొసను తగిలి, సైకిల్‌తో సహా గిరగిరా తిప్పి పడేసింది. కుడి మణికట్టు విరిగింది. జంపఖానా నేసేవాడికి మణికట్టు లేదంటే ఇంట్లో పొయ్యి లేనట్టే. దవాఖానలో సార్‌నూ నన్నూ చూడగానే సాంబయ్య లేవబోయాడు. "జంపఖానకు ఏం గాలేదు సారూ, జర మట్టయింది అంతే. దులిపితే పోతది" అన్నాడు. సార్ బయటికి వచ్చాక దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆ వేళకు రమ్మన్నది నేనే గద బిడ్డా అన్నారు. సరుకు బండి వేళ మార్పించడానికి ఆయన తిరగని చోటు లేదు, బండివాళ్లు వినలేదు. చుట్టలు నిలువుగా కట్టుకొమ్మని చెబితే, అలా కడితే కూర్చోవడానికి జాగా ఉండదన్నారు నేతవాళ్లు. అదీ నిజమే.

తర్వాత ఆయన చేసిన పనులు తలుచుకుంటే నాకు నవ్వు, బాధ కలిసి వస్తాయి. ఎర్రటి జంపఖానా ముక్క ఒకటి కర్రకు కట్టి, పొద్దున్నే సర్కిల్ దగ్గర నిలబడి, సైకిళ్లు వచ్చినప్పుడల్లా ఊపేవారు. మొదటిరోజు ఒక ఆటో ఆయన ఏ పార్టీ వాళ్లు, ధర్నా ఎప్పుడు అని అడిగి పోయాడు. రెండోరోజు కారులోంచి ఒకావిడ అద్దం దించి, జంపఖానాల మీద తగ్గింపు ఎంత అని అడిగింది. చూపిద్దామని సార్ దగ్గరికి వెళితే ఆమె వెనకాల బండ్లన్నీ ఆగి తిట్లు మొదలుపెట్టాయి. జెండా మూలన పడింది. సాంబయ్య చేతికి కట్టు విప్పే రోజులు దగ్గరపడుతున్నాయి. మళ్లీ అదే చుట్ట, అదే సర్కిల్. సార్‌కు అన్నం సహించడం లేదని ఆయన భార్య మా చిన్నమ్మతో చెప్పిందట.

అమావాస్య మరునాడు ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. సర్కిల్ అంచున ఎవరో పగలగొట్టిన గుమ్మడికాయ, దాని చుట్టూ కుంకుమ నీళ్లు. సార్ చేతిలో టీ చల్లారిపోతోంది, ఆయన తాగడం లేదు. అటే చూస్తున్నారు. నేనూ చూశాను. బస్సు వచ్చింది, గుమ్మడికాయ దగ్గర నెమ్మదించి పక్కనుంచి పోయింది. ఆటో వచ్చింది, అంతే. మొన్న స్కూలు పిల్ల సైకిల్‌ను రాసుకుంటూ పోయిన వ్యాన్ డ్రైవర్ కూడా తల బయటికి పెట్టి చూసి, చక్రం దాని మీద పడకుండా ఎంతో జాగ్రత్తగా తిప్పుకున్నాడు. "సూస్తాన్నవా సరితా," అన్నారు సార్. "మనిషిని సూసి బ్రేక్ ఎయ్యనోడు గుమ్మడికాయను సూసి ఏస్తాండు." ఆయన గొంతులో కోపం కన్నా సంతోషం ఎక్కువగా వినబడింది. నాకు అప్పుడే భయమేసింది.

మర్నాడు నిమ్మకాయలు, కుంకుమ తెమ్మన్నారు. దుకాణంలో అమ్మే అతను ఏం పూజ మేడం అని అడిగితే, ఆఫీసు పూజ అని చెప్పి తెచ్చాను. మరుసటి రోజు తెల్లవారాక, రద్దీ మొదలుకాకముందే సర్కిల్ దగ్గరికి వెళ్లాం. నేను నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది ఇస్తుంటే, ఆయన రోడ్డు ఎడమ అంచునుంచి ఒక సైకిల్ హాయిగా పట్టేంత జాగా వదిలి, వంపు పొడుగునా వరసగా పెట్టుకుంటూ పోయారు. నిమ్మకాయలకు అటువైపు బండ్లు, ఇటువైపు సైకిళ్లు. పెద్ద పెద్ద నగరాల్లో సైకిళ్లకు వేరే దారి కడతారట, మనకు గీత గీసేవాడు లేడు, నిమ్మకాయలే గీత అని వివరించారు. పని అయ్యాక సైకిల్ తెచ్చుకుందామని అటు వెళ్లబోయి నేను ఆగిపోయాను. నేనే కొన్నవి, నేనే కోసినవి. కొత్తిమీర పచ్చట్లో పిండుకునే కాయలకూ వాటికీ తేడా లేదు. అయినా రోడ్డు మీద పెట్టాక వాటిని దాటడానికి కాలు రాలేదు. చుట్టూ తిరిగి వెళ్లాను. సార్ చూశారో లేదో నాకు తెలియదు. చూసి ఉంటే ఆ తర్వాత జరిగింది ఆయనకు ముందే తట్టేదేమో.

బండ్లు వచ్చాయి. ఉపాయం పారింది. ఎవరో తాడు పట్టుకుని లాగినట్టు అన్నీ నిమ్మకాయలకు దూరంగా, ఫౌంటెన్ పక్కకు జరిగి పోతున్నాయి. సార్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూస్తున్నారు. అంతలో సాంబయ్య వచ్చాడు. కట్టు విప్పాక మొదటిసారి, వెనక అడ్డంగా చుట్ట కట్టుకుని. అతని కోసం తీసిన దారి అతని ముందు ఖాళీగా ఉంది. సాంబయ్య నిమ్మకాయలను చూశాడు. ముఖం పాలిపోయింది. హ్యాండిల్ కుడివైపు తిప్పి, వరసకు అవతల, సరిగ్గా బండ్ల నడుమకు వెళ్లిపోయాడు. వెనక బస్సు గట్టిగా బ్రేకు వేసింది. బస్సు ముందు భాగం చుట్టను తాకింది, సాంబయ్య పడ్డాడు. దేవుడి దయ, ఆ మాట సార్ ముందు అనకూడదు కానీ, మోచేయి గీరుకోవడం తప్ప ఏమీ కాలేదు. అతని వెనక వచ్చిన మరో ఇద్దరు నేతవాళ్లు కూడా అలాగే నిమ్మకాయలను తప్పించి బండ్లలోకి పోతుంటే, సార్ చేతులు అడ్డం పెట్టి ఆపి, వంగి వంగి నిమ్మకాయలన్నీ ఏరేశారు. అంత వయసు మనిషి రోడ్డు మీద అలా ఏరుతుంటే బస్సులోని వాళ్లంతా కిటికీల్లోంచి చూశారు. దిష్టిని నమ్మేది బండ్లవాళ్లే అనుకున్నారు ఆయన. సైకిల్ తొక్కేవాడూ అదే ఊరివాడని, ఆ ఊరివాళ్లతో రోజంతా గడిపే మనిషికి ఎలా తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

టీ కొట్టు దగ్గర సాంబయ్యను కూర్చోబెట్టి సార్ నిజం చెప్పేశారు. "దిష్టి గాదు, ఏం గాదు. గివి నేనే పెట్టిన సాంబయ్యా. నీ కోసమే పెట్టిన." సాంబయ్య మోచేతి మట్టి దులుపుకున్నాడు. "మీరు పెట్టినా ఎవలు పెట్టినా, పెట్టినంక పెట్టినట్టే గద సారూ" అన్నాడు. మాటతో కాదనుకున్నారో ఏమో, సార్ ఏరిన నిమ్మచెక్క ఒకటి తీసి, టీ కొట్టు నీళ్లతో కుంకుమ కడిగి, గ్లాసులో పిండి, ఉప్పు వేయించుకుని గటగటా తాగేశారు. సాంబయ్య కళ్లు మూసుకున్నాడు. నేను తెరిచే ఉంచాను కానీ మనసులో మా అమ్మను తలుచుకున్నాను. మూడోనాటికి సార్ దవాఖానలో చేరారు. జ్వరం, వాంతులు. కొత్తవాడంతా దిష్టి తగిలిందన్నారు. డాక్టరు రోడ్డు మీది మురికి కడుపులోకి పోయిందన్నారు. నీరసంగా పడుకున్న సార్ నన్ను దగ్గరికి పిలిచి, "ఇద్దరు జెప్పేది ఒక్కటే గదనే. సర్కిల్ల పడ్డది నోట్లె పెట్టకు అని" అన్నారు. నవ్వుతున్నారో ఒప్పుకుంటున్నారో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. ముఖాలు చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయన ముఖమే చదవరాలేదు.

సాంబయ్య పరామర్శకు వచ్చాడు. వస్తూనే చేతులు కట్టుకుని నిలబడి, సార్ పేరు మీద దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టానని చెప్పాడు. ఇక తిట్లు తప్పవనుకున్నాను. సార్ దిండు మీదనుంచి తల ఎత్తి అడిగారు.

"ఏడ పగలగొట్టినవ్?"

"సర్కిల్ల సారూ. ఆడనే గద మీకు తగిలింది."

"నడిమిట్లనా?"

"లే సారూ. పొద్దుగాల లేసి ముక్కలన్ని ఓరకు నూకిన. సైకిల్లకు అడ్డం రాకుంట."

సార్ మళ్లీ దిండు మీద తల వాల్చారు. చాలా మంచి పని చేసినవ్ సాంబయ్యా అన్నారు. ఆ మాట దేనికి అన్నారో, పగలగొట్టినందుకా, ఊడ్చినందుకా, నేను అడగలేదు. సాంబయ్య మాత్రం రెండింటికీ తీసుకుని సంతోషంగా వెళ్లాడు. తర్వాత కొన్నాళ్లు వాళ్లిద్దరూ కలిసే అమావాస్య మరునాటి పొద్దున సర్కిల్ ఊడ్చేవారు. సాంబయ్య ముందు ఒక దండం పెట్టుకునేవాడు, అది అయ్యేదాకా సార్ చీపురు పట్టుకుని ఆగేవారు.

ఆ మరుసటి చలికాలంలో ఒక పొద్దున నేనూ సార్ ఒకరి వెనక ఒకరం సైకిళ్ల మీద ఆఫీసుకు వెళుతున్నాం. సాంబయ్య ఊరికి పోయి ఉన్నాడు, అతను లేకుండా సార్ చీపురు పట్టలేదు, కాబట్టి ఆ అమావాస్యకు ఊడ్చినవాళ్లు లేరు. సర్కిల్‌లో సార్ ముందు, నేను వెనక. ఎడమ అంచున, ఆయన చక్రం పోయే దారిలోనే, కుంకుమ పూసిన ఒక నిమ్మచెక్క కనబడింది. నాకు కనబడిందంటే ఆయనకూ కనబడే ఉంటుంది. దాని మీదనుంచి సీదా వెళ్లిపోతారనే నేను అనుకున్నాను. పక్కకు గుంజినోడే పడతడని నాకు నేర్పిన మనిషి. రోడ్డు మీది నిమ్మకాయ పిండుకుని తాగిన మనిషి. ఆయన హ్యాండిల్ గబుక్కున కుడికి తిప్పారు. అదే క్షణంలో ఎదురు దారిన సర్కిల్‌ను కోసుకుంటూ ఒక కారు వచ్చింది. తోలుతున్న కుర్రవాడి కళ్లు ఫోన్ మీద ఉన్నాయి, ఆ ముఖం నేను చూశాను. సార్ తొడ ఎముక విరిగింది. ఆయన ప్యాంటు క్లిప్పు ఎగిరి నా సైకిల్ ముందు పడింది. దాన్ని ఎందుకు తీసుకున్నానో తెలియదు, దవాఖానకు చేరేదాకా గుప్పిట్లోనే ఉంది.

అంకుల్ సడన్‌గా రైట్‌కు వచ్చిండు, నేనేం చేయాలె అన్నాడు ఆ కుర్రవాడు. అది అబద్ధం కాదు. వాడు రాకూడని దారిన వచ్చాడు, ఇది అంతకన్నా నిజం. కేసు రాసుకునే ఆయనకు రెండూ చెప్పాను, నిమ్మకాయ సంగతి కూడా చెప్పాను. ఆయన కలం ఆపి, తప్పు కారుదే మేడం, నిమ్మకాయ ఎందుకు రాయడం అన్నాడు. నిజమే, రాసి ఏం చేస్తారు. కానీ నిమ్మకాయ అక్కడ లేకపోతే సార్ సీదా పోయేవారు, కారు ఆయన పక్కనుంచి పోయేది. ఆ నిమ్మకాయ పెట్టిన తల్లి ఎవరో తన బిడ్డకు జ్వరం తగ్గాలని పెట్టి ఉంటుంది. ఆమెను తిట్టుకుందామన్నా నాకు మనసు రాలేదు. ఎవరిని తిట్టుకోవాలో తేలక కొన్నాళ్లు అందరి మీదా చిరాకు పడ్డాను.

కాలిలో రాడ్ వేశారు. సార్ మళ్లీ సైకిల్ ఎక్కలేదు. మంచం మీద ఉండగానే ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "సార్, మీరు పక్కకు ఎందుకు తిప్పిన్రు?" "ఆలోచిస్తాన్న బిడ్డా" అన్నారు. అది మొదలు ఎప్పుడు చూడటానికి వెళ్లినా, నేను అడగకుండానే ఆయనే ఎత్తేవారు. ఒకసారి, తడి నిమ్మతొక్క మీద టైరు జారుతుందని తిప్పి ఉంటానన్నారు. మరి గుంత వచ్చినా గుంజొద్దని నాకు చెప్పారు కదా అంటే, అవును, అది కాదులే అన్నారు. ఇంకోసారి, ఎవరో బిడ్డ కోసం పెట్టుకున్నదాన్ని తొక్కడం ఎందుకనిపించిందేమో అన్నారు. లక్ష్మీదేవి పటం తుడిచినట్టా సార్ అంటే తలూపి, మళ్లీ అడ్డంగా ఊపారు. చిన్నప్పుడు వాళ్లమ్మ దిష్టి తీసిన చోట దాటకుండా చేయి పట్టి పక్కకు లాగేదని, ఆ చేయి ఇంకా లాగుతోందేమోనని ఒకసారి అన్నారు. మరుసటిసారి వెళితే, అది కూడా నేను కల్పించుకున్నదేమో అన్నారు. నమ్మకం లేని మనిషి భయపడ్డానని ఒప్పుకుంటే సరిపోయేది. ఆయనకు అలా సులువుగా తేల్చేయడం రాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి నన్ను పంపించేయడం అంతకన్నా రాదు. కొన్నేళ్ల కింద, చివరిసారి చూసినప్పుడు మాట బాగా సన్నబడింది. నేను కూర్చోగానే నవ్వి, "ఇంక తేలలేదు. తేలినంక జెప్త" అన్నారు. తేలకుండానే పోయారు. వాళ్ల ఇంటి ముందు సాంబయ్య నా పక్కనే నిలబడి ఏడుస్తూ, గొప్ప నమ్మకం ఉన్న మనిషి బిడ్డా అన్నాడు. దేని మీద అని అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ సర్కిల్ పెద్దదైంది. సిగ్నళ్లు పెట్టారు, ఎక్కువగా పసుపు లైటే కొట్టుకుంటూ ఉంటుంది. కార్లు పెరిగాయి, ఫోన్లు చూసే ముఖాలు పెరిగాయి, అద్దాలు నల్లబడి కొన్ని ముఖాలు అసలు కనిపించడమే లేదు. సాంబయ్య మగ్గం ఆగిపోయింది. నిమ్మకాయలు మాత్రం తగ్గలేదు. హారికకు ముఖాలు చూడటం నేర్పాను, చేయి చాపి తిరగడం నేర్పాను, నీ దారి వదలకు అని చెప్పాను. అన్నీ సార్ మాటలే. నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర మాట లేదు. సీదా తొక్కుకుంటూ పో అని చెబుదామనుకుంటాను. ఆయనే అలా పోలేకపోయారు, నా బిడ్డ ఆ క్షణంలో పోగలదా? పక్కకు తప్పుకో అంటే ఆ కారు కళ్ల ముందుకొస్తుంది. ఆగు అంటే వెనక బస్సు ఉంటుంది. ఆదివారమంతా ఆలోచించాను. దానికి అన్నం పెడుతూ కూడా ఆలోచించాను. ఏ మాటా తేలలేదు.

సోమవారం పొద్దున, అది ఇంకా నిద్రలో ఉండగా, సంచీ పట్టుకుని సర్కిల్‌కు వెళ్లాను. అమావాస్య దాటిపోయినా మూలమూలలా మిగిలినవి ఉన్నాయి. ఎడమ అంచున ఆ నిమ్మచెక్క ఎండి ఇంకా అక్కడే ఉంది. వంగాను. దిష్టీ లేదు ఏమీ లేదని నాకు తెలుసు. చేయి మాత్రం దానిదాకా పోయి ఒకసారి వెనక్కి వచ్చింది, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. రెండోసారికి తీసి సంచీలో వేసుకున్నాను. మిగతావన్నీ ఏరి, సార్ నిలబడే టీ కొట్టు ఉన్న చోట, ఇప్పుడు అక్కడ మొబైల్ షాపు ఉంది, దాని వెనక చెత్తడబ్బాలో పడేశాను. ఒక ఆటో ఆయన నన్ను చూసి చేయి గుండెకు ఆనించుకుని పోయాడు. ఇంటికి వచ్చి, లోపలికి వెళ్లబోయి, వాకిట్లో నల్లా దగ్గర ఆగిపోయాను. చేతులు కడుక్కున్నాను. తర్వాత కాళ్లు కూడా కడుక్కున్నాను, మడమల దాకా, మా అమ్మ కడుక్కున్నట్టే. తల ఎత్తితే గుమ్మంలో హారిక, భుజానికి బ్యాగుతో, సైకిల్ తాళం చేతిలో పట్టుకుని నిలబడి చూస్తోంది.

"దిష్టి గిష్టి ఏం లేదంటవ్ గద మమ్మీ. మరి కాళ్లెందుకు కడుక్కుంటాన్నవ్?"

నల్లా కట్టేశాను. దానికి చెప్పడానికి మంచి జవాబులు చాలానే నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ నిజమని నాకు అనిపించలేదు.

"ఆలోచిస్తాన్న బిడ్డా," అన్నాను. "నువ్వు పో. ఇయ్యాల బాట సాఫ్‌గ ఉంది."